ఘాటు రోడ్డులో ఈరన్న జపం

కరోనా పోయి, బస్సుల్లో జనం మళ్లీ ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకోవడం మొదలైన ఏడాది నన్ను కడప నుంచి కర్నూలు వైపు ఒక డిపోకు బదిలీ చేశారు. హోదా సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్. ప్రభుత్వ బస్సుల్లో ఇలాంటి ఉద్యోగం ఒకటి ఉందని బయటివాళ్లకు పెద్దగా తెలియదు. డ్రైవరుగా చేరి, ఏళ్ల తరబడి ప్రమాదం లేకుండా నడిపి, పరీక్షలో నెగ్గినవాళ్లకు ఇది దక్కుతుంది. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని అతను ఎలా నడుపుతున్నాడో చూడాలి. తప్పులుంటే దిద్దాలి. దిద్దినా దారికి రాకపోతే అతన్ని రూటు నుంచి తప్పించి మళ్లీ శిక్షణ ఇవ్వాలి. మా ఆవిడ దీన్ని ‘జీతం తీసుకుని వెనక సీట్లోంచి నస పెట్టడం’ అని తేల్చేసింది. ఆమె మాటలో తప్పు పట్టడానికి ఇప్పటికీ నాకేమీ దొరకలేదు.

నేను చేరేసరికి శివరాత్రి దగ్గర పడుతోంది. మా వైపు డిపోలకు శివరాత్రి అంటే శ్రీశైలం స్పెషల్ బస్సులు. ఆత్మకూరు దాటాక నల్లమల మొదలవుతుంది. దోర్నాల నుంచి పైకి అంతా మలుపులే. అందుకని ఘాటు ఎక్కే డ్రైవర్ల జాబితా డిపో మేనేజరు తయారుచేసినా, ఒక్కొక్కరితో ప్రయాణం చేసి ‘ఘాటుకు ఫిట్’ అని నేను సంతకం పెడితేనే అది చెల్లుతుంది.

మా డిపో మేనేజరు ఇంజినీరింగు చదివి నేరుగా అధికారిగా వచ్చిన అమ్మాయి. వయసులో నాకంటే చాలా చిన్నది, ఓపికలో చాలా పెద్దది. ఆమె జాబితాలో మొదటి పేరు ఈరన్నది. అతని గురించి ఆమె చెబుతుంటే, డ్రైవరు గురించి చెబుతోందో స్వామీజీ గురించి చెబుతోందో నాకు కొంతసేపు అర్థం కాలేదు. ఎప్పుడూ పెదవుల మీద శివనామమేనట. ఘాటులో ఎవరినీ ఓవర్‌టేక్ చేయడట. ముందు లారీ ఎంత మెల్లగా పోతున్నా దాని వెనకే ఓపిగ్గా పోతాడట. దాంతో డీజిలు కూడా ఆదా అవుతుందట. శ్రీశైలంలో దిగేటప్పుడు ముసలమ్మలు అతనికి దణ్ణం పెట్టి దిగుతారట. “ఆయన బస్సు ఎప్పుడని అడిగి మరీ ఎక్కుతున్నారు సార్” అంది ఆమె. నా ముప్పై ఏళ్ల నౌకరీలో నన్ను తిట్టి దిగినవాళ్లున్నారు కానీ దణ్ణం పెట్టి దిగినవాళ్లు లేరు. నాకు కాస్త అసూయ కలిగిన మాట నిజం.

ఈరన్నది కోసిగి వైపు ఊరు. వానలు పడకపోతే ఊరంతా తాళాలేసి పనులకు వలసపోయే ప్రాంతం. చిన్నప్పుడు తల్లిదండ్రుల వెంట అతనూ అలా పోయినవాడే. నెల జీతం అనేది ఆ ఇంట్లో అతనితోనే మొదలైంది. మనిషి సన్నగా, మర్యాదగా ఉంటాడు. డ్యూటీ ఎక్కేముందు మా డ్రైవర్లందరూ తాగలేదని రుజువుకు ఒక గొట్టంలోకి ఊదాలి. తాగినవాడు ఊదితే మిషను కూస్తుంది. ఈరన్న ఊదితే అది ఎన్నడూ నోరెత్తలేదు.

ఒక ఉదయం అతని బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాను. నందికొట్కూరు దాకా అంతా బాగుంది. స్టీరింగు పట్టు, గేర్లు మార్చడం, స్టాపులో ఆపడం, దేనికీ వంక పెట్టలేను. డ్రైవరు ముందున్న అద్దంలో చూస్తే పెదవులు నిజంగానే కదులుతున్నాయి. ఆ కదలికను నేనూ భక్తిగానే చూశాను. మా అమ్మ ఇలాగే జపం చేసేది.

అయితే మా అమ్మ జపానికి ఒక పద్ధతి ఉండేది. పనిలేనప్పుడు ఎక్కువగా, పనిలో పడితే తక్కువగా సాగేది. ఈరన్న జపం తిరగబడి ఉంది. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు అతని నోరు మూతపడుతోంది. ఎదురుగా ఏదైనా బండి రాగానే పెదవులు చకచకా కదులుతున్నాయి. స్టీరింగు మీద వేళ్లు కూడా మెల్లగా లెక్క పెడుతున్నాయి. బండి దాటిపోగానే ముఖంలో ఒకసారి సంతోషం, ఒకసారి విసుగు. లారీని చూసి పొంగిపోయి, జీపును చూసి నిరాశపడే భక్తుణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

దోర్నాల దాటాక ఒక కుడి మలుపులో ఎదురుగా లారీ వచ్చింది. మా బస్సు మెల్లగా, ఎవరో పిలిచినట్టు, దాని వైపు జరిగింది. జరిగింది కొంచెమే. కానీ ఘాటులో ఉన్నది కూడా కొంచెమే. “ఎడమకు తియ్యి” అన్నాను గట్టిగా. తీశాడు. బస్సు నిండా ఉన్న జనానికి ఏమీ తెలియలేదు. వాళ్లు శిఖరం ఎప్పుడు కనిపిస్తుందని మాట్లాడుకుంటున్నారు. నేను మాత్రం ముందున్న కమ్మీని పైకి చేరేదాకా వదల్లేదు.

పైన టీ తాగుతూ, దారిలో ఏం చదువుతున్నావని అడిగాను. “స్వామి పేరు సార్” అన్నాడు, నా ముఖం చూడకుండా. నేను మరి రెట్టించలేదు. తిరుగు ప్రయాణంలో అతని వెనక కాకుండా పక్కన నిలబడి వచ్చాను. మలుపు మలుపుకూ నస పెట్టాను. మా ఆవిడ చూసి ఉంటే గర్వపడేది.

మా శిక్షణలో ఒక పద్ధతి ఉంది. దాన్ని ‘చెబుతూ నడపడం’ అంటాం. డ్రైవరు నడుపుతూనే తన కంటికి కనపడినదల్లా పైకి చెప్పాలి. ముందు గుంత ఉంది, పక్కన సైకిలు ఉంది, ఎడమకు మలుపు ఉంది, నేను వేగం తగ్గిస్తున్నాను, ఇలా. వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. కానీ మనిషి కళ్లు ఎక్కడున్నాయో దీనిలో దాచలేడు. చూడనిది చెప్పలేడు. చెబుతూ చెబుతూ అలవాటు పడ్డాక, చూసింది చెప్పకుండా ఉండలేడు.

మర్నాడు శిక్షణ బస్సు తీశాను. ఇందులో ప్రయాణికులుండరు, ఇన్‌స్ట్రక్టరు కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. ఈరన్నను ఆత్మకూరు రోడ్డు పట్టించి, చెబుతూ నడపమన్నాను. మొదట బడిపిల్లాడిలా అప్పజెప్పాడు. “ముందర బర్రెలు పోతాండాయి సార్. హారన్ కొడతాండా. ఎడమ పక్క ఆటో నిలబడి ఉండాది.” నేను మెచ్చుకుంటూ తల ఊపాను. కొంత దూరం పోయాక ఎదురుగా లారీలు వరసగా రావడం మొదలైంది. అతని మాటల్లోంచి బర్రెలు పోయాయి, గుంతలు పోయాయి, మలుపులు పోయాయి. “లారీ సార్... ఏడు, మూడు... పది... ఒకటి వచ్చె. టాటా ఏస్... రెండు నాలుగ్లు, ఆరు... పద్నాలుగు... అయిదు. నిన్న అయిదే పడె, ఇయ్యాల రాదులే...”

తను ఏం చెబుతున్నాడో అతనికే తెలియడం లేదు. నేను వింటూ కూర్చున్నాను. అంతలో నా కాలు దానంతట అదే బ్రేకు మీద పడింది. బస్సు ఊగి ఆగింది.

ముందు రోడ్డు నిండా గొర్రెలు. ఒకటీ రెండూ కాదు, మంద. గొర్రెల కాపరి బస్సు దగ్గరికి వచ్చి, కోపం కంటే ఆశ్చర్యంతో, “ఏమప్పా, ఇన్ని గొర్లు అడ్డమొస్తే కూడా కనపల్లేదా?” అన్నాడు.

“యాడ?” అన్నాడు ఈరన్న.

కాపరి నా వైపు చూశాడు. నేనేం చెప్పను? గొర్రెలకు నంబరు ప్లేట్లు ఉండవు కదా.

బస్సును పక్కకు పెట్టించాను. ఇంజను ఆపించాను. తర్వాత అతనే చెప్పాడు. మట్కా. దీని సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. రోజూ ఎక్కడో ఒక అంకె తీస్తారు. ఏ అంకె పడుతుందో ముందే చెప్పి దాని మీద డబ్బు కాస్తారు. చట్టం ఒప్పుకోదు, అయినా ఆగదు. ఒకప్పుడు టీ బంకుల దగ్గర చీటీలు రాసేవాళ్లు, ఇప్పుడు ఫోనులో నడుస్తోంది. ఈ ఆటలో పడ్డవాడికి లోకమంతా అంకెలు చెబుతున్నట్టే ఉంటుంది. ఈరన్నకు ఎదురొచ్చే బండ్లు చెబుతున్నాయి. ప్లేటు మీద అంకెలు కూడి, చివరికి ఒక్క అంకె చేస్తే అదే ఆ రోజు దేవుడిచ్చిన సూచన. లారీని ఓవర్‌టేక్ చేయకపోవడం ఓపిక కాదు. వెనక నంబరు బురదలో సరిగ్గా కనపడక.

“ఎన్నాళ్లుగా?” అని అడిగాను. నాలుగేళ్లుగా అన్నాడు. మానలేకపోయావా అంటే అతను చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. “మానకుండా యాడుంటా సార్? శానాసార్లు మానినా.”

ఇప్పుడు చిక్కంతా నాది. జూదమని రాసి పంపితే ఛార్జిషీటు, సస్పెన్షను. ఆ ఇంట్లో మొదటి జీతం ఆగిపోతుంది. జీతం ఆగినవాడు ఇంట్లో కూర్చుని దేవుణ్ణి తలుచుకుంటాడా, పోయింది రాబట్టాలని ఇంకా ఆడతాడా? పోనీ వదిలేద్దామంటే, ఆ మలుపులో లారీ వైపు జరిగిన బస్సు నా కళ్లలోంచి పోవడం లేదు. చివరికి నా అధికారంలో ఉన్నంతవరకే రాశాను. ‘రోడ్డు మీద ధ్యాస నిలవడం లేదు. రూటు నుంచి తప్పించి వైద్య పరీక్షకు పంపవలెను.’ అందులో అబద్ధం లేదు. మిగతాది మేనేజరమ్మకు ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాను.

ఆమె జాబితా ముందుకు లాక్కుంది. శివరాత్రికి భక్తులు ఆయన కోసం అడిగితే ఏం చెప్పాలో అని మొదట అన్నా, వెంటనే ఆ పేరు తనే కొట్టేసింది. తర్వాత ఆమెకు ఒక ఉపాయం తోచింది. మనిషికి దేవుడంటే భయం ఉంది కాబట్టి శ్రీశైలంలో కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయిద్దామంది. మా వైపు ఏ వ్యసనానికైనా మొదటి మందు ఇదే. పిలిపించి అడిగితే ఈరన్న తల వంచుకున్నాడు. “ఆడ చేసినా మేడం. ఉరుకుంద గుడిలో చేసినా. మా యమ్మ తలమీద చెయ్యి పెట్టి కూడా చేసినా.” మరి? “శ్రీశైలంలో ప్రమాణం చేసిన తేదీ మంచి అంకె అనిపించె. దాని మీదనే ఆడితి.”

మేనేజరమ్మ నవ్వు ఆపుకోలేక బల్ల మీద ఫైలు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఫైలు దించేసరికి కళ్లలో నీళ్లున్నాయి. అవి నవ్వు నీళ్లు మాత్రమే కాదు. వైద్యానికి సెలవు ఆమే మంజూరు చేసింది.

డాక్టరు దగ్గరికి రమ్మంటే ఈరన్న మొండికేశాడు. నాకేం పిచ్చా అన్నాడు. ఇలాంటిచోట ఉపన్యాసాలు పనికిరావు. “చూపు తగ్గితే కళ్ల డాక్టరు దగ్గరికి పోతావు గదా. నీకు చూపు బాగుండాది, గొర్లు మాత్రం కనపల్లేదు. దానికి కూడా ఒక డాక్టరు ఉండారు” అన్నాను. గొర్రెల మాట వచ్చేసరికి అతను లేచి చొక్కా తొడుక్కున్నాడు.

కర్నూలులో మానసిక వైద్యం చూసే డాక్టరమ్మ దగ్గరికి అతనూ, భార్య శంకరమ్మా, నేనూ వెళ్లాం. డాక్టరమ్మ ఎందుకు ఆడావని ఒక్కసారి కూడా అడగలేదు. ఆడని సమయంలో కూడా దాని గురించే ఆలోచిస్తావా, పోయింది రాబట్టాలని మళ్లీ ఆడతావా, ఎంత ఆడుతున్నావో ఇంట్లో దాచావా, మానేసిన రోజుల్లో చిరాకు, నిద్రలేమి ఉంటాయా అని అడిగింది. ప్రతిదానికీ అతను తల ఊపాడు. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని కూడా అంతే మామూలుగా అడిగింది. అతను వెంటనే తల అడ్డంగా ఊపలేదు. అప్పుడు శంకరమ్మ అతని మోచేయి పట్టుకుంది.

ఇంట్లో ఏమైనా మార్పు గమనించారా అని ఆమెను అడిగితే, ఆమె కాస్త సిగ్గుపడింది. “మంచిగనే ఉండె మేడం. పెండ్లయినంక ఎన్నడూ నన్ను నిద్ర పట్టిందా అని అడగనోడు, రోజూ పొద్దున్నే లేపి, ఏం కలొచ్చె అని అడుగుతాండె. నేనంటే ఇంత ప్రేమొచ్చె అనుకొంటి.” పాము కలొస్తే ఒక అంకె, పెళ్లి కలొస్తే ఒక అంకె అని మట్కా ఆడేవాళ్లకు లెక్కలుంటాయి. పాపం శంకరమ్మకు అది తెలియదు. కల రాలేదంటే మొగుడి ముఖం వాడిపోతోందని, రాని కలలు కూడా కల్పించి చెప్పేదట. ఒకరోజు ఏనుగు, ఒకరోజు వరద. ఆ ఏనుగు మీద ఈరన్న ఎంత పోగొట్టుకున్నాడో ఆ గదిలో ఎవరమూ అడగలేదు. అతను భార్య వైపు తిరిగి, “ఏనుగు అబద్ధమా?” అన్నాడు. డాక్టరమ్మ కూడా నవ్వేసింది. ఆ నవ్వుతో అతని భుజాలు కొంచెం దిగాయి.

ఆమె చెప్పినది నాకు గుర్తున్నంతవరకు రాస్తాను. ఇది చెడ్డబుద్ధి కాదు, జబ్బు. గట్టిగా అనుకుంటే పోయేది కాదు కాబట్టే ప్రమాణాలు నిలవలేదు. ఆడాలనే కోరిక ఘాటు లాంటిది, ఎక్కుతుంది, కొంతసేపటికి దిగుతుంది. ఎక్కుతున్నప్పుడు ఒంటరిగా ఉండకుండా ఎవరో ఒకరికి చెప్పాలి. జీతం కొన్నాళ్లు భార్య చేతిలో ఉండాలి. ఫోనులో ఆ నంబర్లు, ఆ గ్రూపులు తీసేయాలి. వారం వారం వచ్చి మాట్లాడాలి. ఎవరూ దొరకనప్పుడు ఫోనులోనే ఉచితంగా సలహా చెప్పే ప్రభుత్వ ఏర్పాటు ఉందని ఆ వివరం కూడా చేతికిచ్చింది. మధ్యలో మళ్లీ ఒకసారి ఆడితే అంతా పోయిందనుకోవద్దని, దాచకుండా వచ్చి చెప్పమని మరీ మరీ చెప్పింది. ఇక శంకరమ్మ చేయాల్సింది ఒకటే, కలలు చెప్పడం ఆపాలి. “ఇంగ నా కలలు నాకే” అంది ఆమె, ఆస్తి తిరిగి రాయించుకున్నంత తృప్తిగా.

సెలవు అయ్యాక అతన్ని డిపోలోనే ఏదో ఒక పనిలో ఉంచాలి. ఇక్కడ నేను అతి తెలివికి పోయాను. అంకెలు లేని చోటు వెతుకుదామనుకున్నాను. గ్యారేజీలో బస్సులన్నీ నంబర్లతో వరసగా నిలబడి ఉంటాయి. టైర్ల సెక్షనులో టైరు టైరుకూ నంబరు. క్యాంటీనులో టోకెన్లు. చివరికి మా డిపోలో నంబరు లేనిది గేటు దగ్గరి వేపచెట్టు ఒక్కటే అని తేలింది. దానికి నీళ్లు పోసే ఉద్యోగం సంస్థలో లేదు. ఈ సంగతి డాక్టరమ్మకు చెబితే, లోకంలో అంకెలు చెరిపేయడం మీ వల్ల కాదు, వాటి మధ్య బతకడం అతను నేర్చుకోవాలి అంది. సరేనని గ్యారేజీలోనే వేశాం.

దారి తిన్నగా సాగిందని చెబితే అది అబద్ధం. ఎండాకాలంలో ఒకరోజు అతను నా గదికి వచ్చి నిలబడ్డాడు. “నిన్న ఆడితి సార్” అన్నాడు. నాకు కోపం వచ్చింది. నోటిదాకా వచ్చిన మాటను మింగి, డాక్టరమ్మకు చెప్పావా అని అడిగాను. పొద్దున్నే ఫోను చేశానన్నాడు. శంకరమ్మకు? రాత్రే చెప్పానన్నాడు. అంటే నేను మూడోవాణ్ణి. వరసలో నా చోటు అంత కిందికి పోయినందుకు ఆ రోజు నాకు ఎంతో సంతోషం వేసింది.

మళ్లీ చలికాలం వచ్చేసరికి డాక్టరమ్మ నడపవచ్చని రాసిచ్చింది. కానీ ఘాటు ఎక్కించే సంతకం నాది. శిక్షణ బస్సులో అతన్ని మళ్లీ అదే రోడ్డు మీదికి తీసుకెళ్లి, చెబుతూ నడపమన్నాను. ఈసారి దోర్నాల దాటి పైదాకా పోయాం. గుంతలు చెప్పాడు. గోడ మీద కూర్చున్న కోతులు చెప్పాడు. కట్టెల మోపుతో అంచున నిలబడిన ముసలామెను నాకంటే ముందే చెప్పాడు. ఆ పాత కుడి మలుపు దగ్గరికి వచ్చాం. ఖర్మ కొద్దీ అక్కడే ఎదురుగా లారీ. నా కాలు రెండో బ్రేకు మీదికి పోయింది.

“ఎదురుగా లారీ వస్తాండాది సార్, రాళ్ల లోడు. ఎడమకు తీసుకుంటాండా, గేరు దించుతాండా.” కాసేపు ఆగాడు. లారీ మమ్మల్ని దాటిపోయింది. “నంబరు కూడా కనపడె సార్. నోట్లో కూడిక మొదలాయ. పోనిస్తాండా... ముందర ఎడమ మలుపు.”

నేను కాలు తీసేశాను. ఆ మధ్యాహ్నం ‘ఘాటుకు ఫిట్’ అని సంతకం పెట్టాను.

ఇప్పుడు రిటైరై కడపలో ఉంటున్నాను. పాత డిపోల వాళ్లు అప్పుడప్పుడు, డ్రైవరు జూదంలో పడ్డాడని ఎలా కనిపెట్టాలని అడుగుతుంటారు. ఊదితే కూసే మిషను దీనికి ఇంకా రాలేదు. నేను చెప్పేది ఇంతే. మనిషిలో కొత్తగా ఒక మంచి గుణం కనిపిస్తే మెచ్చుకోండి, అయితే అది ఏ వేళకు వస్తోందో, దేన్ని చూసి వస్తోందో కూడా కొన్నాళ్లు గమనించండి. ఆపైన ఛార్జిషీటు కంటే ముందు డాక్టరు గుర్తుకు రావాలి. బాగైందా లేదా అన్నది మాత్రం అతని నోటినుంచే వినాలి. ఆ మలుపులో లారీ నంబరు అసలు కనపడలేదని ఈరన్న చెప్పి ఉంటే, నేను ఆ సంతకం పెట్టేవాణ్ణి కాదు.